వాన కొలవడానికి చోటు వెతికాను: నా అనుభవం

వర్షమాపకం కొన్న రోజున దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. డాబా ఉంది కదా, అక్కడ పెడితే సరి అనుకున్నాను. పైన చెట్టు కొమ్మ లేదు, పక్కన గోడ అడ్డం లేదు, ఎటు చూసినా ఆకాశమే. పిట్టగోడ మూలకు దాని పట్టీని మరలతో బిగించాను. కొత్త నోటుపుస్తకం తీసి తేదీకి ఒక గడి, మిల్లీమీటర్లకు ఒక గడి గీసుకున్నాను. మొదటి జల్లుకు నాలుగున్నర మిల్లీమీటర్లు వచ్చింది. ఆ అంకె రాసుకున్నప్పటి సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నాది గరాటు ఉన్న రకం. పైన నాలుగు అంగుళాల మూతి, లోపల సన్నటి గొట్టం, రెండింటినీ పట్టి ఉంచే పెద్ద డబ్బా. మూతి వైశాల్యంలో గొట్టం వైశాల్యం పదో వంతు. అందుకని ఒక మిల్లీమీటరు వాన గొట్టంలో ఒక సెంటీమీటరు ఎత్తున నిలుస్తుంది, కంటికి స్పష్టంగా కనబడుతుంది. గొట్టం నిండిపోతే మిగతా నీళ్ళు డబ్బాలోకి పొర్లుతాయి, వాటిని తర్వాత గొట్టంలో పోసి కొలుచుకోవచ్చు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. మా పెరడు 11 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. అంటే 20 మి.మీ. వాన పడిందంటే ఆ పెరట్లో 1,760 లీటర్లు పడ్డట్టు. ఈ లెక్క వేసుకున్నాక అంకె ఒకటి రెండు అటూ ఇటూ అయినా పట్టించుకోకుండా ఉండడం నా వల్ల కాలేదు.

అనుమానం మొదలైంది ఒక గాలివాన రాత్రి. తలుపులు కొట్టుకుంటున్నాయి, కిటికీ సందుల్లోంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. తెల్లవారి డాబా ఎక్కి చూస్తే 31 మి.మీ. ఉంది. కిందికి దిగేసరికి పెరట్లో మొక్కల దగ్గర మరచిపోయిన రేకు డబ్బా కనబడింది. నిటారు గోడల డబ్బా, రాత్రి పడుకునే ముందు ఖాళీగానే ఉంది. స్కేలు ముంచి చూశాను. 39 మి.మీ. ఒకే ఇల్లు, ఒకే వాన, ఎనిమిది మిల్లీమీటర్ల తేడా. డబ్బా అడుగున సన్నటి బురద పొర కూడా ఉంది. దాని అర్థం ఆ రోజు నాకు తెలియలేదు.

అంతకన్నా బాధపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. మూడు కిలోమీటర్ల దూరంలో ఉండే మిత్రుడి దగ్గర కూడా వర్షమాపకం ఉంది. ఆ రాత్రి అతనికి 40 మి.మీ. వచ్చింది. "మీ వైపు బాగా పడింది, మా వైపు తగ్గింది" అని నమ్మకంగా చెప్పేశాను. అలా జరగడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ నగరంలో 1997 జులై 28న ఒక పక్క అడుగుకు పైగా వాన కురిసి వరద ముంచెత్తితే, మరో పక్క మామూలు వానే పడింది. ఇళ్ళల్లో వాన కొలిచే ఔత్సాహికుల బృందం 1998లో అక్కడే మొదలైంది. వీధి వీధికీ వాన మారుతుందన్నది నిజమే. అయితే ఆ మార్పు వానదా, వర్షమాపకం పెట్టిన చోటుదా అన్నది తేల్చకుండా మాట్లాడకూడదని నాకు అప్పటికి తెలియదు.

అమ్మతో చెబితే, "వాన అంతటా పడుతుంది కదరా, దానికి చోటు వెతకడం ఏమిటి?" అంది. నిజానికి మంచి ప్రశ్న. దీనికి జవాబు కోసం వెతుకుతుంటే రెండున్నర శతాబ్దాల నాటి ఒక ప్రయోగం కనబడింది. లండన్‌లో విలియం హెబెర్డెన్ అనే వైద్యుడు 1766లో మూడు వర్షమాపకాలు పెట్టాడు. ఒకటి వెస్ట్‌మినిస్టర్ అబే అనే పెద్ద చర్చి గోపురం మీద, ఒకటి దగ్గరలోని ఇంటి పైన, ఒకటి నేల మీద. ఏడాది తిరిగేసరికి గోపురం మీద దాదాపు 12 అంగుళాలు, ఇంటిపైన 18, నేల మీద 22న్నర వచ్చాయి. పైకి పోయే కొద్దీ వాన తగ్గింది! చినుకు కిందికి దిగుతూ దారిలో తేమను పోగుచేసుకుని లావవుతుందని కొందరు ఊహించారు. అసలు కారణం గాలి అని 1861లో విలియం స్టాన్లీ జెవన్స్ వివరించాడు. తర్వాత ఆర్థికశాస్త్రంలో పేరు తెచ్చుకున్న జెవన్స్ ఇతనే. ఎత్తున గాలి జోరు ఎక్కువ. అడ్డొచ్చిన గోపురాన్నీ, వర్షమాపకాన్నీ దాటడానికి ఆ గాలి పైకి లేచి మూతి మీదుగా వేగంగా దూసుకుపోతుంది. లోపల పడవలసిన చినుకులను, ముఖ్యంగా సన్నవాటిని, తనతో పాటు అవతలికి మోసుకుపోతుంది.

చదివింది నమ్మాలంటే కంటితో చూడాలనిపించింది. మూరెడు దారం తీసుకుని పుల్లకు కట్టాను. గాలి వీస్తున్న సాయంత్రం డాబా ఎక్కి, ముందు మధ్యలో నిలబడి పుల్లను చాచాను. దారం నేలకు సమాంతరంగా రెపరెపలాడింది. తర్వాత వర్షమాపకం బిగించిన పిట్టగోడ అంచుకు వెళ్ళి అదే పుల్లను దాని మూతి దగ్గర పట్టుకున్నాను. దారం నిట్టనిలువుగా పైకి లేచింది. గాలి గోడకు తగిలి, గోడ వెంట పైకెక్కి, సరిగ్గా ఆ అంచు దగ్గర ఎగదన్నుతోంది. వానలో ఆ దారం స్థానంలో చినుకు ఉంటుంది. ఇంట్లో ఇన్ని చోట్లుండగా నేను ఎంచుకున్నది వాన నిలవని చోటు.

అప్పటికప్పుడు తీసి ఇంకోచోట పెట్టేయకుండా, ఒక వానాకాలం ఓపిక పట్టి పోల్చి చూద్దామనుకున్నాను. అదే రకానివి మరో రెండు కొన్నాను. ఒకటి పెరటి మధ్యలో తాత్కాలికంగా పాతిన గుంజకు, ఇంకొకటి ఇంటి వెనక గోడకు మీటరు దూరంలో. పిట్టగోడ మీదిది అక్కడే ఉంచాను. రోజూ ఉదయం ఒకే వేళకు మూడింటినీ చూసి, రాసి, ఖాళీ చేసేవాణ్ణి.

గాలి లేని ముసురు రోజుల్లో మూడూ దాదాపు ఒకే మాట చెప్పాయి. ఒక రోజు డాబా మీద 12.0, పెరట్లో 12.2, గోడ దగ్గర 12.1. ఇలాంటి రోజులే వరుసగా వచ్చి ఉంటే అమ్మ మాటే నిజమని పుస్తకం మూసేసేవాణ్ణి. గాలివానలు రావడంతో కథ మారింది. పెరటి వైపు నుంచి వచ్చిన ఒక వానకు డాబా 23, పెరడు 28, గోడ దగ్గర 32. గోడకు కొట్టిన వాన చిట్లి ఎగిరింది, పైన సన్‌షేడ్ అంచు నుంచి కారిన నీళ్ళను గాలి అటు తోసింది. కురిసిన దానికన్నా ఎక్కువ వచ్చిందంటే అదీ తప్పే. ఇంకో రోజు వాన వీధి వైపు నుంచి, ఇంటి మీదుగా వచ్చింది. పెరట్లో 19, డాబా మీద 16, గోడ దగ్గర 8. సగం కూడా లేదు, ఇల్లే గొడుగు పట్టింది. ఒకే చోటు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చెబుతోందంటే ఎంతో కొంత కలిపో తీసేసో సరిదిద్దుకునే వీలు కూడా లేదు.

రేకు డబ్బాలో బురద సంగతి కూడా ఆ రోజుల్లోనే తేలింది. మా ప్రహరీకి వెల్ల వేసి ఉంది. వాన వెలిశాక చూస్తే అడుగు నుంచి మోకాలి ఎత్తు దాకా మట్టి చుక్కలు. కింద దట్టంగా, పైకి పోయే కొద్దీ పలచగా, చివరకు ఒకటీ అరా. ఎవరో కుంచె విదిలించినట్టు ఉంది. చినుకు నేలను తాకి, మట్టిని తీసుకుని తిరిగి ఎంత ఎత్తు ఎగురుతుందో ఆ గోడే గీత గీసి చూపిస్తోంది. నేల మీద ఉన్న నా డబ్బాలోకి ఆకాశం నుంచి పడిన నీళ్ళతో పాటు నేల నుంచి ఎగిరిన నీళ్ళూ చేరాయి. అంటే ఆ రాత్రి పిట్టగోడ మీది 31 తక్కువ, డబ్బాలోని 39 ఎక్కువ. అసలు వాన ఆ రెండింటి నడుమ ఎక్కడో ఉంది.

ఆ తర్వాత చిన్న జల్లు పడినప్పుడు వరండాలో కూర్చుని చాలాసేపు నేలనే చూశాను. సిమెంటు మీద పడిన ప్రతి చినుకూ పగిలి, చుట్టూ చిన్న చిన్న తుంపరలుగా లేస్తోంది. దాని పక్కనే గడ్డి ఉన్న జానెడు చోట చినుకు పడిన చప్పుడే తప్ప ఏమీ ఎగరడం లేదు, గడ్డి దాన్ని మింగేస్తోంది. వర్షమాపకం కింద సిమెంటు, బండలు ఉండకూడదని, గడ్డి ఉంటే మేలని ఆ పూటే నిర్ణయించుకున్నాను.

ఎత్తు విషయంలో లోకమంతా ఒక్క మాట మీద లేదు. బ్రిటన్ పద్ధతిలో మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి ఉంటుంది కాబట్టి అది వాళ్ళకు కుదురుతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ మార్గదర్శకాల ప్రకారం సాధారణంగా అరమీటరు నుంచి మీటరున్నర వరకు ఉండవచ్చు. కిందికి దింపితే గాలి బాధ తగ్గుతుంది, చిందుల బాధ పెరుగుతుంది. పైకి ఎత్తితే చిందులు అందవు, గాలి అందుకుంటుంది. మా పెరట్లో గడ్డి అక్కడక్కడే ఉంది, మట్టి చుక్కలు మోకాలి దాకా వస్తున్నాయి. అందుకని మూతి నేలకు సరిగ్గా మీటరు ఎత్తున ఉండాలని స్థిరపరచుకున్నాను.

ఇక మిగిలింది అడ్డంకుల లెక్క. దీని మీదే ఎక్కువ రోజులు గడిపాను. అందరూ చెప్పే సూత్రం ఒకటుంది. చెట్టయినా గోడయినా, వర్షమాపకం మూతి కన్నా ఎంత ఎత్తుందో, దానికి కనీసం రెట్టింపు దూరంలో పెట్టాలి. నాలుగు రెట్లయితే ఇంకా మంచిది. రెట్టింపే ఎందుకన్నది నాకు అర్థమయ్యేదాకా నిద్ర పట్టలేదు. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న చినుకు సెకనుకు దాదాపు 4 మీటర్ల వేగంతో దిగుతుంది. రెండు మిల్లీమీటర్ల చినుకైతే ఆరున్నర మీటర్లు. గాలి సెకనుకు 8 మీటర్ల చొప్పున, అంటే గంటకు దాదాపు 29 కిలోమీటర్ల వేగంతో వీస్తోందనుకుందాం. సన్న చినుకు మీటరు కిందికి దిగేలోపు రెండు మీటర్లు పక్కకు జరుగుతుంది. మూతి కన్నా 5 మీటర్లు ఎత్తున్న చెట్టు ఆ గాలిలో 10 మీటర్ల దాకా వాన నీడ పరుస్తుంది. ఎండకు నీడ ఉన్నట్టే వానకూ నీడ ఉంటుంది. ఈ మాట చెప్పినప్పుడు అమ్మ వెంటనే, "అందుకేనా గాలివానలో చెట్టుకు అవతలి పక్క నిలబడితే తడవం" అంది.

ఎత్తులు కొలవడానికి నిచ్చెన అవసరం రాలేదు. మీటరు కర్రను నిలువుగా పాతి, దాని నీడ సరిగ్గా మీటరు ఉన్న వేళ కోసం కాచుకున్నాను. ఆ వేళలో ఏ వస్తువు నీడైనా దాని ఎత్తుకు సమానం. టేపు పట్టుకుని నీడలన్నీ కొలిచేశాను. పిట్టగోడతో కలిపి ఇల్లు 4.5 మీటర్లు. పెరటి ఎడమ మూలన ఉన్న చెట్టు 6 మీటర్లు. కుడివైపు, ప్రహరీకి అవతల 3 మీటర్ల దూరంలో ఉన్న పక్కింటి మేడ 7 మీటర్లు. వెనక ప్రహరీ మీటరున్నర.

మూతి మీటరు ఎత్తున ఉంటుంది కాబట్టి అన్నిటిలోంచీ మీటరు తీసేసి లెక్క వేశాను. ఇంటికి మిగిలింది 3.5, దానికి 7 మీటర్ల దూరం కావాలి. పెరడు వెడల్పు 8. అంటే వెనక ప్రహరీకి మీటరు ఇవతల నిలబడాలి. ప్రహరీ మూతి కన్నా అరమీటరే ఎక్కువ, దానికి మీటరు దూరం చాలు. ఈ రెండూ గీత గీసినట్టు సరిపోయాయి. చిక్కంతా పొడవు దిక్కున వచ్చింది. చెట్టుకు 10 మీటర్లు, పక్కింటికి 12 మీటర్లు కావాలి, ఆ రెంటి మధ్య ఉన్నదే 14 మీటర్లు. సూత్రం పాటించే చోటు మా పెరట్లో ఒక్క అడుగు కూడా లేదు.

రెండు మూడు రోజులు దిగులుగానే ఉన్నాను. కొలతలన్నీ కాగితం మీద గీసుకుని ఎటు జరిపినా ఏదో ఒకటి అడ్డం వస్తోంది. చిన్న పెరళ్ళలో ఎత్తుకు సమానమైన దూరమైనా ఉండేలా చూసుకుని సర్దుకునేవాళ్ళు చాలామంది ఉన్నారని తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది. రెండు అడ్డంకుల భారాన్ని సమానంగా పంచాలనుకున్నాను. చెట్టుకు 6.4 మీటర్లు, పక్కింటికి 7.6 మీటర్లు. అప్పుడు రెండింటికీ ఎత్తు కన్నా ఒకటింపావు రెట్లకు కొంచెం పైనే దూరం వస్తుంది. కోరుకున్నంత కాదు, ఉన్నంతలో ఇదే మెరుగు.

నాకు నిజంగా నిశ్చింత కలిగించింది మాత్రం లెక్క కాదు, ఇంటి వెనక గోడ మీది పాచి. వీధి వైపు గోడ శుభ్రంగా ఉంది, పెరటి వైపు గోడకు నల్లగా పాచి పట్టి ఉంది. ఏళ్ళ తరబడి గాలివాన ఎక్కువగా ఏ దిక్కు నుంచి కొడుతోందో ఆ గోడ దాచుకుని చూపిస్తోంది. వాన వచ్చేది వెనక ప్రహరీ మీదుగానే. ఆ వైపు ప్రహరీ దాటితే ఖాళీ స్థలం. చెట్టూ పక్కింటి మేడా గాలికి ఎదురుగా కాక అటూ ఇటూ ఉన్నాయి, కాబట్టి వాటి వాన నీడ చాలా రోజులు వర్షమాపకం మీద పడదు. పైగా వెనక ఉన్న పొట్టి ప్రహరీ నేల దగ్గర గాలి జోరును కాస్త తగ్గిస్తుంది. బొత్తిగా బట్టబయలు కన్నా కొంచెం దూరంలో తక్కువ ఎత్తు పొదలు గానీ, పొట్టి గోడ గానీ చుట్టూ ఉండడం వర్షమాపకానికి మంచిది. ఇది మొదట్లో నేను ఊహించిన దానికి పూర్తిగా వ్యతిరేకం.

చెట్టు పైభాగం కొట్టిస్తే ఇంకొంచెం మెరుగవుతుందని ఒకసారి అన్నాను. "నీ కొలత కోసం చెట్టు మీద చెయ్యి వేయకు" అంది అమ్మ. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆమె అన్నది సబబే. కొలుస్తున్నది ఈ పెరటి వానను, ఆ చెట్టు కూడా ఈ పెరటిదే. వర్షమాపకం వైపు చాచుకున్న రెండు సన్నటి రెమ్మలు మాత్రం ఆమె చేతే కత్తిరింపజేశాను. వాన వెలిసిన తర్వాత కూడా ఆకుల నుంచి గంటసేపు నీళ్ళు రాలుతుంటాయి. అవి మూతిలో పడితే కురవని వాన లెక్కలోకి వస్తుంది. బట్టల తీగను కూడా ఆమె ఒప్పుకుని రెండు బారలు ఇవతలికి జరిపింది.

గుంజ పాతడం ఒక్క పూట పని అనుకున్నాను, రెండుసార్లు చేయవలసి వచ్చింది. గుంజ పైతలను ఏటవాలుగా కోయించాను. ఏటవాలు వర్షమాపకానికి అవతలి వైపుకు ఉండాలి, అప్పుడు గుంజ మీద పడిన చినుకు చిట్లినా అటే పోతుంది. వర్షమాపకాన్ని గుంజ పక్కన, మూతి గుంజ తల కన్నా పది సెంటీమీటర్లు పైకి ఉండేలా బిగించాను. గుంజ వెనక్కి నక్కి, మూతి ఒక్కటే ఆకాశాన్ని చూస్తూ ఉండాలన్న మాట. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టాన్ని మూతి మీద నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి బుడగ సరిగ్గా మధ్యలో నిలిచేదాకా సరిచేశాను. మొదటి పెద్ద వానకే నేల మెత్తబడి గుంజ ఒరిగింది. చూపుకు తెలియదు, రసమట్టం పెడితే బుడగ ఒక పక్కకు పరుగెత్తింది. గాలి లేనప్పుడు ఆ కాస్త ఒరుగు వల్ల పెద్ద నష్టం లేదు. వాన ఏటవాలుగా కొట్టినప్పుడు మాత్రం మూతి వానకు ఎదురొగ్గితే ఎక్కువ, వెన్ను చూపితే తక్కువ పడుతుంది. గుంజ పీకి, గొయ్యి మరో జానెడు లోతు చేసి, కంకర వేసి, దిమ్మెసతో కొట్టి గట్టిపరిచాను. అప్పటి నుంచి కదలలేదు. అయినా నెలకోసారి రసమట్టం పెట్టి చూస్తాను.

చోటు ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి, రోజూ అక్కడికి నడిచి వెళ్ళగలమా అన్నది. డాబా మెట్లెక్కడం బద్ధకించి రెండు రోజుల వాన కలిపి రాసుకున్న పేజీలు నా పుస్తకంలో ఉన్నాయి. ఇప్పుడు వంటింటి తలుపు తీస్తే ఎదురుగా కనబడుతుంది. రోజూ చూడడం వల్లే, ఒకనాడు గరాటు మీద సాలీడు అల్లిన గూడు కంటబడింది. సన్నటి పోగులకు మంచు బిందువులు వరుసగా పట్టి మెరుస్తున్నాయి. చాలా అందంగా ఉంది, తుడవబుద్ధి కాలేదు. తుడవక తప్పలేదు, గరాటు రంధ్రానికి అడ్డంగా ఒక ఎండుటాకు ఆ పోగులకే చిక్కుకుని ఉంది.

డాబా తప్ప వేరే దిక్కు లేనివాళ్ళు కనీసం అంచును వదిలేయండి. డాబా నడిమధ్యన, నీళ్ళ ట్యాంకుకూ మెట్ల గదికీ వీలైనంత దూరంగా, ఎత్తు తక్కువగా పెట్టుకోండి. దారంతో నేను చూసినంతలో గాలి అక్కడే కాస్త బుద్ధిగా ఉంటుంది. బాల్కనీ కమ్మీకి తగిలిస్తే మాత్రం వాన కొలిచినట్టు కాదు. భవనం సగం ఆకాశాన్ని మూసేస్తుంది, గోడ వెంట పోయే గాలి మిగతా సగాన్ని చెడగొడుతుంది.

చివరగా ఒక పరీక్ష పెట్టుకున్నాను. గాలి ప్రభావం దాదాపుగా లేకుండా వాన కొలవాలంటే గొయ్యి తవ్వి, మూతి నేల మట్టానికి ఉండేలా వర్షమాపకాన్ని అందులో దించి, చుట్టూ చిందులు లోపలికి రాకుండా జాలీ పరవాలి. ప్రపంచ వాతావరణ సంస్థ వాన కొలతల్ని పోల్చడానికి ప్రమాణంగా తీసుకునేది ఈ పద్ధతినే. రెండో వర్షమాపకాన్ని గుంజకు రెండు మీటర్ల దూరంలో అలా గోతిలో దించి నెల రోజులు చూశాను. నెమ్మది వానల్లో తేడా లేదు. బలమైన గాలివాన ఒకదానికి గోతిలో 29.4, గుంజ మీద 28. దాదాపు ఐదు శాతం. మామూలు వర్షమాపకాల్లో గాలి వల్ల కొన్ని శాతాల వాన తప్పిపోవడం ఉన్నదే. పిట్టగోడ మీద నేను పోగొట్టుకున్న దానితో పోలిస్తే ఇది నాకు సమ్మతమే. తర్వాత గోతిని పూడ్చేశాను, ఎందుకంటే అందులోకి ఆకులు, పురుగులు చేరడం మానలేదు.

నోటుపుస్తకంలో పాత డాబా పేజీలు చింపలేదు. అవి ముగిసిన చోట ఎర్రగీత గీసి, చోటు మారిన తేదీ రాశాను. దాని కింద మూతి ఎత్తు, నాలుగు దిక్కుల్లో ఉన్న అడ్డంకుల ఎత్తు, దూరం, కింద ఉన్న నేల రకం అన్నీ రాసి, పెరటి బొమ్మ గీశాను. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వాన కొలిచే పాత్ర ప్రస్తావన ఉంది. మూతి ఒక అరత్ని, అంటే దాదాపు మూరెడు వెడల్పు ఉండాలని చెబుతూ, దాన్ని కోష్ఠాగారం, అంటే ధాన్యం నిల్వ చేసే కొట్టు దగ్గర ఉంచాలని చోటు కూడా అక్కడే చెప్పారు. పాత్ర కొలతా చోటూ ఒకే వాక్యంలో ఉండడం ఇప్పుడు నాకు ఎంతో సహజంగా అనిపిస్తోంది. చెట్టు పెరుగుతుంది కాబట్టి ఏడాదికోసారి నీడ కొలిచి ఆ పేజీలోనే కలుపుతున్నాను. మొదటి ఏడాదిలోనే ఇరవై సెంటీమీటర్లు పెరిగింది.

మిత్రుడికి ఫోను చేసి, ఆ రాత్రి మీ వైపు ఎక్కువ పడిందని నేను అన్నది ఆధారం లేని మాటని, నా వర్షమాపకం పిట్టగోడ అంచున ఉండేదని చెప్పాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన వర్షమాపకం పూలకుండీల వరుసలో సిమెంటు గట్టు మీద ఉందని, నేల నుంచి జానెడు ఎత్తే ఉంటుందని చెప్పాడు. ఆదివారం ఎండ ఉంటే మీటరు కర్ర, టేపు, రసమట్టం తీసుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను.